ఒక్క రక్తపు బొట్టు ఎంతవరకు నిజం చెబుతుంది?

2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో అది 41 శాతమని తేల్చింది. 2019–21 నాటి ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేకు వచ్చేసరికి అంకె 67.1కి ఎగబాకింది. ఈ మూడింటినీ కాలక్రమంలో పేర్చి చదివితే, ఏడాది రెండేళ్లలో కోట్లాది పిల్లల రక్తం అమాంతం బాగుపడి, ఆ వెంటనే మునుపటికన్నా చెడిపోయిందని నమ్మాలి. ఒక దేశపు పిల్లల ఆరోగ్యం అలా ఎగిరి పడదు. ఇక్కడ ఎగిరి పడింది కొలత.

వయసుల్లో కొంత తేడా ఉన్న మాట నిజమే. కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆరు నుంచి పదకొండు నెలల పసివాళ్లు కూడా ఉంటారు, ఆ వయసులో రక్తహీనత ఎక్కువ. కానీ ఒకవైపు 17, మరోవైపు 26 శాతం పాయింట్లున్న అంతరాన్ని ఆ ఒక్క కారణం మోయలేదు. పెద్ద తేడా రక్తాన్ని ఎక్కడి నుంచి తీశారు, దేనితో పరీక్షించారు అన్న దగ్గర ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వే బృందాలు ఇంటి దగ్గరే పిల్లల వేలికి సూది గుచ్చి, ఒక బొట్టును చేతిలో ఇమిడే చిన్న యంత్రంలో పెట్టి అంకె చదివాయి. పోషకాహార సర్వే బృందాలు సిర నుంచి రక్తం తీసి, చల్లగా భద్రపరిచి, ప్రయోగశాలకు పంపి, అక్కడి ఆటోమేటిక్ యంత్రాల మీద పరీక్షించాయి.

ఆరోగ్య పరిశోధన ఫలితం వార్తల్లోకి రాగానే ఎంత మందిని పరీక్షించారని అందరూ అడుగుతారు. ఏ పరికరంతో, ఎవరు, ఏ పరిస్థితిలో కొలిచారు, అదే మనిషిని మరునాడు కొలిస్తే అదే అంకె వస్తుందా అని అడిగేవారు తక్కువ. నిజానికి ముందు తేలాల్సింది అదే. కొలత ఎంత నమ్మదగినదో తెలియకపోతే దాని మీద కట్టిన శాతాలు, పటాలు, ర్యాంకులు అన్నీ పునాది తెలియని గోడలే.

ఈ అంకెల మీద ఎన్ని ఆధారపడి ఉన్నాయో చూస్తే విషయం తీవ్రత అర్థమవుతుంది. ఐదో సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. చిన్నపిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70 శాతం. 2018లో మొదలైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం, బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ పంచే ఐరన్ మాత్రలు, చౌక దుకాణాల్లో ఇచ్చే బలవర్ధక బియ్యం, వీటన్నిటి అవసరాన్నీ ఫలితాన్నీ చర్చించేటప్పుడు ఇలాంటి అంకెలనే ముందు పెడతారు. అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చెబితే లోపం లేనివారికీ మాత్రలు చేరతాయి. తక్కువ చెబితే నిజంగా నీరసించిపోతున్న గర్భిణి ఎవరి కంటా పడదు.

వేలి చివర ఏం జరుగుతుంది

రక్తహీనతను తేల్చే హిమోగ్లోబిన్ కొలత ఎప్పుడూ కష్టంగానే ఉంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చాలాకాలం సాహ్లీ పద్ధతి నడిచింది. గీతలున్న గాజు గొట్టంలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, పిపెట్టుతో పీల్చిన 20 మైక్రోలీటర్ల రక్తం అందులో కలిపి, పది నిమిషాలు ఆగి, పక్కనున్న గోధుమ రంగు గాజు పట్టీతో రంగు సరిపోయేదాకా స్వేదనజలం చుక్క చుక్కగా కలుపుతారు. రంగు ఎక్కడ సరిపోయిందో తేల్చేది చూసే మనిషి కన్ను. కిటికీ పక్కన కూర్చున్నవారికీ ట్యూబ్‌లైటు కింద కూర్చున్నవారికీ ఆ రంగు ఒకేలా కనిపించదు. పది నిమిషాలు ఆగాల్సిన చోట ఐదే ఆగితే రంగు పూర్తిగా రాదు, అంకె తక్కువ పడుతుంది.

కాంతిని కొలిచే చిన్న యంత్రాలు వచ్చాక కంటి సమస్య పోయింది. కుటుంబ ఆరోగ్య సర్వేల్లో వాడిన హిమోక్యూ యంత్రం అలాంటిదే. క్యూవెట్ అనే చిన్న ప్లాస్టిక్ పాత్రలో కాస్త రక్తం నింపి యంత్రంలో పెడితే నిమిషం లోపే తెర మీద అంకె వస్తుంది. యంత్రం మంచిదే. సమస్య దానికి అందించే రక్తంలో ఉంది. వేలి చివర సూక్ష్మనాళాల నుంచి వచ్చే రక్తం ఒక బొట్టుకూ ఇంకో బొట్టుకూ ఒకేలా ఉండదు. బొట్టు సరిగ్గా రాలేదని వేలిని పిండితే కణజాలంలోని ద్రవం రక్తంతో కలిసి పలచబడుతుంది. మొదట వచ్చిన బొట్లను తుడిచి, తర్వాతి బొట్టు తీసుకోవాలన్నది నియమం. ఏడుస్తూ చెయ్యి లాక్కునే రెండేళ్ల పిల్లవాడి దగ్గర ఆ నియమం ప్రతిసారీ నిలవడం కష్టం. చేతులు చల్లగా ఉన్నా, క్యూవెట్‌లో గాలి బుడగ చిక్కినా, క్యూవెట్ల డబ్బా మూత తేమ వాతావరణంలో తీసి ఉంచినా అంకె కదులుతుంది.

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే వేలి నుంచి వరసగా తీసిన బొట్లలోనే హిమోగ్లోబిన్ గణనీయంగా మారుతోందని చూపారు. సిర రక్తమంత నిలకడ రావాలంటే ఆరు నుంచి తొమ్మిది బొట్ల సగటు తీసుకోవాల్సి వచ్చింది. సర్వేలో తీసేది ఒక్కటే బొట్టు.

ఇంత మాత్రం చేత సర్వే సిబ్బంది పని తప్పుబట్టదగినదని కాదు. ఎండలో, వానలో, గడప గడపకూ తిరిగి, పిల్లల తల్లులను ఒప్పించి, చీకటి పడేలోపు అన్ని పరీక్షలూ ముగించే మహిళలు చేసే పని అది. దోషం పద్ధతిలో ఉంది. పద్ధతిలో ఎంత దోషం ఉందో ముందే కొలిచి, అంకె పక్కనే చెప్పాల్సిన బాధ్యత సర్వేను రూపొందించినవారిది.

ఊగే దోషం, ఒరిగే దోషం

కొలతలో దోషం రెండు రకాలు. ఒకటి అటూ ఇటూ ఊగుతుంది: ఒకసారి కాస్త ఎక్కువ, మరోసారి కాస్త తక్కువ. రెండోది ఎప్పుడూ ఒకే వైపు ఒరుగుతుంది. ఐదు నిమిషాలు ముందుకు తిప్పి ఉంచిన గోడ గడియారం ప్రతిరోజూ ఒకే తీరుగా నడుస్తుంది, అయినా సరైన సమయం చెప్పదు. నిలకడగా ఉండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు. పరిశోధన పత్రాల్లో ఈ రెండింటిలో మొదటిదాన్ని మాత్రమే చూపి, రెండోదీ రుజువైనట్టు రాయడం చాలా తరచుగా కనిపించే పొరపాటు.

లెక్క కోసం ఒక ఊహా సమాజాన్ని తీసుకుందాం. మహిళల అసలు హిమోగ్లోబిన్ సగటు డెసిలీటరుకు 12.5 గ్రాములు, ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 1.2. రక్తహీనతకు హద్దు 12 గ్రాములు. ఏ దోషమూ లేని కొలతతో చూస్తే సుమారు 34 శాతం మంది హద్దు కింద ఉంటారు. ఇప్పుడు పరికరం ఎప్పుడూ అర గ్రాము తక్కువ చూపిస్తుందనుకుందాం. రక్తహీనత ఒక్కసారిగా 50 శాతం అవుతుంది. అర గ్రాము ఒక వ్యక్తికి పెద్ద తేడా కాదు, ఏ వైద్యుడూ దాని గురించి కలవరపడడు. హద్దు చుట్టూ జనం గుమిగూడి ఉన్నచోట అదే అర గ్రాము ప్రతి వందమందిలో పదహారుమందిని రోగుల జాబితాలోకి తోస్తుంది.

ఊగే దోషం సంగతి ఇంకా లోతైనది. అది సగటును మార్చదు కాబట్టి ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. అదే సమాజంలో ఒక గ్రాము ప్రామాణిక విచలనమున్న ఊగుడు కలిపితే, 12 కింద ఉన్నవారు 34 నుంచి 37 శాతానికి మాత్రమే పెరుగుతారు. కానీ తీవ్ర రక్తహీనత హద్దయిన 8 గ్రాముల దగ్గర చూడాలి. అక్కడ అసలు ఉండాల్సింది లక్షకు తొమ్మిదిమంది. ఊగే కొలతతో సుమారు రెండు వందలమంది కనిపిస్తారు. దోషం కొలతల విస్తృతిని పెంచుతుంది, ఆ విస్తృతి ఎక్కువగా బయటపడేది అంచుల్లోనే. తీవ్ర రక్తహీనతలోనైనా, పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపంలోనైనా, అరుదైన పరిస్థితుల అంకెలను చదివేటప్పుడు ఇది మనసులో ఉండాలి.

ఈ రెండు దోషాలకూ మందు ఒకటి కాదు. ఊగుడు సగటు మీద చూపే ప్రభావాన్ని ఎక్కువ మందిని కొలిచి తగ్గించవచ్చు, ఒకే మనిషిని రెండు మూడు సార్లు కొలిచి ఊగుడునే తగ్గించవచ్చు. ఒరిగే దోషం వీటిలో దేనికీ లొంగదు. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో 7 లక్షల 24 వేల మందికి పైగా మహిళలను కలిశారు. అంతటి సర్వేలో పరికరమో పద్ధతో ఒకవైపు ఒరిగి ఉంటే, తప్పు అంకె చాలా కచ్చితంగా, రెండు దశాంశాల వరకు వస్తుంది. నమూనా పెద్దదైనకొద్దీ ఆ అంకె మీద నమ్మకం పెరుగుతుంది, సత్యం మాత్రం దగ్గర కాదు.

మాత్ర వేయకుండానే పెరిగే రక్తం

ఊగే దోషం చేసే మరో పని ఉంది. వైద్య కార్యక్రమాల ఫలితాలను అంచనా వేసేవారు దీన్ని తప్పనిసరిగా గుర్తుపెట్టుకోవాలి. పైన చెప్పిన సమాజంలోనే ఒక బొట్టు పరీక్షలో 9.5 గ్రాములు వచ్చిన మహిళలను ఏరి, మూడు నెలలు మాత్రలిచ్చి, మళ్లీ పరీక్షించారనుకుందాం. మాత్ర ఏ పనీ చేయకపోయినా రెండోసారి వారి సగటు దాదాపు 10.7 వస్తుంది. మొదటిసారి అంత తక్కువ వచ్చినవారిలో చాలామంది నిజంగా తక్కువున్నవారే. కొందరు మాత్రం ఆ రోజు బొట్టు పలచబడినందువల్ల జాబితాలోకి వచ్చినవారు. రెండోసారి ఆ దురదృష్టం అందరికీ మళ్లీ ఎదురుకాదు, అంకె సగటు వైపు జరుగుతుంది. 1.2 గ్రాముల ఆ పెరుగుదలను మాత్రల ఘనతగా నివేదికలో రాస్తే చదివినవారెవరూ అనుమానించరు. మాత్ర ఇవ్వని మరో సమూహాన్ని అదే తీరులో రెండుసార్లు కొలిస్తే తప్ప ఈ భ్రమ బయటపడదు.

దీని వెనకున్న లెక్క సులువే. మనుషుల మధ్య నిజమైన తేడాల ప్రామాణిక విచలనపు వర్గాన్ని, దానికి కొలత దోషపు విచలన వర్గాన్ని కూడా కలపగా వచ్చిన మొత్తంతో భాగిస్తే విశ్వసనీయతా నిష్పత్తి వస్తుంది. మన ఊహా సమాజంలో అది 1.44ను 2.44తో భాగించగా వచ్చే 0.59. కొలతల్లో కనిపించే వైవిధ్యంలో 59 శాతమే మనుషులది, మిగతా 41 శాతం బొట్టుది, యంత్రానిది. ఈ నిష్పత్తి పరికరానికి అంటిపెట్టుకుని ఉండే గుణం కాదన్నది చాలామంది గమనించని విషయం. అందరూ దాదాపు ఒకేలా ఉండే సమూహాన్ని, అంటే మనుషుల మధ్య విచలనం 0.6 మాత్రమే ఉన్నవారిని అదే యంత్రంతో కొలిస్తే నిష్పత్తి 0.26కి పడిపోతుంది. యంత్రం మారలేదు, దోషం మారలేదు, మనుషులు మారారు. అందుకే ఎక్కడో ఒక దేశంలో 0.9 వచ్చిందని చూపించి, ఇక్కడి బడిపిల్లల మీద ఒక పరికరాన్నో ప్రశ్నావళినో వాడటం సరిపోదు. ఎవరి మీద వాడతారో వారి మీదే పరీక్షించి చూడాలి.

రక్తపోటు పరిశోధనలో ఇదే సమస్య దశాబ్దాల పాటు ఒక ప్రాణాంతక సంబంధాన్ని తక్కువ చేసి చూపింది. ఒక్కసారి కొలిచిన బీపీకీ, తర్వాతి సంవత్సరాల్లో వచ్చే పక్షవాతానికీ గుండెపోటుకూ ఉన్న సంబంధాన్ని లెక్కగడితే, ఆ ఒక్కరోజు ఊగుడు సంబంధాన్ని పలచన చేస్తుంది. 1990లో మెక్‌మేన్, ఆయన సహచరులు తొమ్మిది పరిశోధనల్లోని సుమారు 4 లక్షల 20 వేల మంది సమాచారాన్ని కలిపి, ఈ పలచబడటాన్ని సరిదిద్ది చూశారు. బీపీ వల్ల కలిగే ముప్పు అంతకుముందు సరిదిద్దకుండా వేసిన అంచనాలకన్నా దాదాపు 60 శాతం ఎక్కువని తేలింది. కొలత దోషం ప్రతిసారీ భయాన్ని పెంచదని, ఒక్కోసారి నిజమైన ప్రమాదాన్ని కప్పిపెడుతుందని చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ దొరకదు.

బీపీ విషయంలో ఒరిగే దోషాలకూ కొదవ లేదు. చేతి చుట్టుకొలతకు సరిపడని పట్టీ కట్టడం వాటిలో ముఖ్యమైనది. అమెరికాలో 2023లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, బాగా పెద్ద పట్టీ కావాల్సినవారికి మామూలు పట్టీ కడితే పై అంకె సగటున 19.5 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. చిన్న పట్టీ కావాల్సిన సన్నని చేతులవారికి అదే మామూలు పట్టీ 3.6 తక్కువ చూపింది. ఒకే పట్టీతో ఊరంతా కొలిచే శిబిరంలో లావుగా ఉన్నవారు రోగులుగా, సన్నగా ఉన్నవారు ఆరోగ్యవంతులుగా మరికాస్త ఎక్కువగా లెక్కకొస్తారు. ఊబకాయానికీ రక్తపోటుకూ నిజంగా ఉన్న సంబంధం పట్టీ వల్ల ఇంకా పెద్దదై కనిపిస్తుంది. పాదరసం గొట్టాలున్న రోజుల్లో చదివేవారు అంకెను సున్నాకో ఐదుకో సవరించి రాసేవారు. ఆ అలవాటును అరికట్టడానికి 1960ల్లో లండన్‌లో జెఫ్రీ రోజ్ బృందం, కొలుస్తున్నంతసేపూ గొట్టంలోని పాదరసం మట్టం చదివేవారికి కనిపించని ప్రత్యేక పరికరాన్నే తయారు చేసింది.

రెండు పద్ధతులు ఒకటేనా

కొత్త పద్ధతి పాతదానికి సాటి వస్తుందా అని తేల్చేటప్పుడు పరిశోధకులు ఇప్పటికీ సహసంబంధ గుణకాన్ని, అంటే రెండు కొలతలు ఎంతవరకు కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయో చెప్పే అంకెను, చూపిస్తుంటారు. వేలి రక్తానికీ సిర రక్తానికీ మధ్య గుణకం 0.9 వచ్చింది కాబట్టి రెండూ ఒకటేనన్న వాదన అలా పుడుతుంది. ఇది చెల్లదు. వేలి రక్తం ప్రతి ఒక్కరిలో సరిగ్గా రెండు గ్రాములు తక్కువ చూపినా గుణకం పూర్తిగా 1 వస్తుంది. ఎక్కువున్నవారికి ఎక్కువ, తక్కువున్నవారికి తక్కువ చూపితే చాలు, ఆ గుణకానికి సంతృప్తి. రెండు అంకెలు ఒకటేనా అన్న ప్రశ్న అది అడగదు.

మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ అనే ఇద్దరు బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞులు 1986లో లాన్సెట్ పత్రికలో దీనికి సూటి మార్గం చూపారు. ప్రతి మనిషికీ రెండు పద్ధతుల అంకెల మధ్య తేడా తీయాలి. ఆ తేడాల సగటు పద్ధతి ఎంత ఒరిగిందో చెబుతుంది. ఆ తేడాల్లో 95 శాతం ఏ హద్దుల మధ్య పడతాయో చూస్తే ఎంత ఊగుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు సగటు తేడా 0.4 గ్రాములు తక్కువ, హద్దులు 2 గ్రాములు తక్కువ నుంచి 1.2 గ్రాములు ఎక్కువ వరకు అనుకుందాం. సిర రక్తంలో 11.5 ఉన్న మహిళకు వేలి రక్తంలో 9.5 రావచ్చు, 12.7 కూడా రావచ్చు. ఒక బొట్టు ఆమెకు ఓ మోస్తరు రక్తహీనత ఉందంటుంది, ఇంకో బొట్టు అసలు ఏమీ లేదంటుంది. ఇంత వెడల్పు ఆమోదించవచ్చా లేదా అన్నది గణితం తేల్చేది కాదు, ఆ అంకెతో ఏ నిర్ణయం తీసుకుంటారన్నదాన్ని బట్టి వైద్యం తెలిసినవారు తేల్చాల్సింది.

వేలి రక్తానికీ సిర రక్తానికీ మధ్య తేడా అన్ని దేశాల పరిశోధనల్లోనూ ఒకే దిశలో రాలేదు. కొన్నిచోట్ల వేలి రక్తం ఎక్కువ చూపింది, కొన్నిచోట్ల తక్కువ. శిక్షణ, వాతావరణం, యంత్రం నమూనా, బొట్టు తీసే తీరు అన్నీ అందులో పాలు పంచుకుంటాయి. కాబట్టి పాత అంకెలన్నిటి నుంచీ ఏదో ఒక స్థిరమైన మొత్తం తీసేస్తే సరిపోతుందన్న సులువు దారి ఇక్కడ లేదు.

యంత్రం లేనిచోట మనిషే కొలత సాధనం. ఒకే ఛాతీ ఎక్స్‌రేను ఇద్దరు నిపుణులు వేర్వేరుగా చదవడం, ఒకే నిపుణుడు కొన్నాళ్ల తర్వాత తన మాటను తానే కాదనడం 1940ల చివరలో అమెరికాలో జరిగిన క్షయ పరిశోధనల్లోనే బయటపడింది. ఏ రకం ఫిల్ము మెరుగన్నది తేల్చడానికి మొదలుపెట్టిన పని అది. ఫిల్ముల మధ్య తేడాకన్నా చదివేవారి మధ్య తేడా ఎక్కువని తేలింది. ఇలాంటి చోట ఇద్దరూ ఎన్నిసార్లు ఏకీభవించారన్న శాతం మోసం చేస్తుంది. ఇద్దరు వైద్యులూ నూటికి తొంభై ఎక్స్‌రేలను మామూలుగా ఉన్నాయని చెప్పేవారైతే, కళ్లు మూసుకుని చెప్పినా 82 సార్లు ఏకీభవిస్తారు. 88 సార్లు ఏకీభవించారంటే, యాదృచ్ఛికతకు మించి సాధించడానికి వీలున్న 18లో వారు సాధించింది ఆరే, మూడో వంతు. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా కొలమానం చెప్పేది ఇదే.

ఆహార సర్వేలలో పరిస్థితి ఇంకా కష్టం. ఏం తిన్నారో అడిగి తెలుసుకోవడమే అక్కడ కొలత. 2003లో అమెరికా పరిశోధకులు ఐసోటోపులు కలిపిన నీటితో మనుషులు ఖర్చు చేసే శక్తిని నేరుగా కొలిచి, ప్రశ్నావళిలో వారు చెప్పిన దానితో పోల్చారు. ప్రశ్నావళిలో స్త్రీలూ పురుషులూ కూడా తాము తినే శక్తిలో దాదాపు మూడో వంతు తక్కువ చెప్పారు. పైగా ఇది ఊగే దోషం కాదు, స్పష్టంగా ఒకవైపు ఒరిగినది.

కొలత అందరికీ సమానంగా తప్పితే కొంత నయం. కొందరికే ఎక్కువగా తప్పితే అది అన్యాయం అవుతుంది. కోవిడ్ రెండో వేవ్‌లో తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లలోకి చేరిన పల్స్ ఆక్సీమీటర్ కథ అలాంటిదే. వేలి గుండా పంపిన కాంతిని బట్టి రక్తంలో ప్రాణవాయువును అంచనా వేసే ఆ పరికరం 92 నుంచి 96 మధ్య చూపుతున్నప్పుడు, ధమని రక్తంలో అసలు అంకె 88 కన్నా తక్కువగా ఉండటం శ్వేతజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం సందర్భాల్లో జరిగిందని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధన వెల్లడించింది. ముదురు చర్మంలో ఈ పరికరం తడబడుతుందని 1990లోనే ఒక పరిశోధన హెచ్చరించింది. ముప్పై ఏళ్లపాటు ఆ హెచ్చరిక వైద్యశాలల్లోకి చేరకపోవడం వల్ల ఎంతమందికి ఆక్సిజన్ ఆలస్యమైందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

హద్దు గీత కూడా కొలతలో భాగమే

రక్తాన్ని ఎంత జాగ్రత్తగా కొలిచినా, ఎక్కడ గీత గీసి దాని కింద ఉన్నవారిని రక్తహీనులంటారన్నది మిగిలి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుతూ వచ్చిన హద్దుల మూలాలు 1968 నాటి నివేదికలో ఉన్నాయి. సమగ్ర పోషకాహార సర్వేలోని ఆరోగ్యవంతులైన భారతీయ పిల్లలను, కౌమార వయస్కులను వేరుచేసి హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్, అనురా కుర్పాడ్ తదితరులు 2021లో లెక్కగట్టిన హద్దులు, చాలా వయసుల్లో పాతవాటికన్నా ఒకటి రెండు గ్రాములు తక్కువ వచ్చాయి. వాటిని వాడితే అదే సర్వేలో రక్తహీనత 30 శాతం నుంచి 10.8 శాతానికి దిగుతుంది. ఆరోగ్యవంతులని ఎంచిన ఆ పిల్లల్లోనే గుర్తించని లోపాలు ఉండి ఉండవచ్చన్న అభ్యంతరం తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. లోపమే మామూలైపోయిన సమాజంలో మామూలును ఆరోగ్యమని పిలవడం ప్రమాదకరం. ఆహారం తక్కువైనవారి అంకెలతో గీసిన గీత, వారికి అందాల్సిన సాయాన్ని కత్తిరించే అవకాశం ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చిలో తన మార్గదర్శకాలను సవరించింది. ఆరు నుంచి 23 నెలల పిల్లలకు హద్దును 11 నుంచి 10.5 గ్రాములకు తగ్గించింది. గర్భిణులకు రెండో త్రైమాసికంలోనూ 10.5 చేసింది. కొలతకు సిర రక్తం, ఆటోమేటిక్ విశ్లేషణ యంత్రం, నిత్యం నాణ్యతా పరీక్షలు ఉండాలని సిఫారసు చేసింది. ఇకపై ఏ దేశంలోనైనా పసిపిల్లల రక్తహీనత తగ్గిందన్న వార్త వస్తే, అందులో ఎంత పాత హద్దుతో, ఎంత కొత్త హద్దుతో అని అడగాల్సి ఉంటుంది.

మన దేశంలో ఆరో విడత కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత పరీక్షను తొలగించారు. ఆ బాధ్యతను హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, జీవసూచికల సర్వేకు అప్పగించారు. అందులో సిర రక్తం తీస్తారు. అంకెలు ఇబ్బందిగా ఉన్నాయి కాబట్టే పరీక్ష ఆపేశారన్న విమర్శ అప్పుడు గట్టిగా వినిపించింది. కొలత శాస్త్రం వైపు నుంచి చూస్తే సిర రక్తానికి మారడం సరైన నిర్ణయం. పారదర్శకత వైపు నుంచి చూస్తే మాత్రం విమర్శకుల అనుమానానికి సమాధానం ఇంకా బాకీ ఉంది, దాన్ని చెల్లించే దారి కూడా ఉంది.

1998–99లో జరిగిన రెండో విడత నుంచి ఐదో విడత వరకు కుటుంబ ఆరోగ్య సర్వేలు వేలి రక్తాన్నే తీశాయి. అంకెల్లో ఎంత ఒరుగుడు ఉన్నా, పద్ధతి దాదాపు ఒకటే కాబట్టి ఒక విడతను మరో విడతతో పోల్చే వీలుండేది. అప్పుడు కూడా బృందాల శిక్షణ, పని జరిగిన కాలం మారితే ఆ పోలిక చెదురుతుంది. పిల్లల్లో 2005–06లో 69 శాతంగా ఉన్నది పదేళ్లలో 58.6కు దిగి మళ్లీ 67.1కి చేరడంలో ఎంత నిజమో, ఎంత కొలతో ఇప్పటికీ విడదీసి చెప్పడం కష్టం. సిర రక్తానికి మారగానే ఆ వరస తెగిపోతుంది. తెగకుండా ఉండాలంటే కొన్ని జిల్లాల్లోనైనా ఒకే మనిషి నుంచి ఒకే రోజు వేలి రక్తం, సిర రక్తం రెండూ తీసి, తేడాల సగటునూ హద్దులనూ వయసులవారీగా, రాష్ట్రాలవారీగా ప్రచురించాలి. కొందరిని మర్నాడు మళ్లీ కొలిచి పద్ధతి ఎంత ఊగుతుందో చెప్పాలి. ప్రయోగశాలల మధ్య తేడా ఎంతో, ఎన్ని నమూనాలు దారిలో పాడయ్యాయో చెప్పాలి. పాత హద్దుతో ఒక అంకె, కొత్త హద్దుతో ఒక అంకె పక్కపక్కనే వేయాలి. ఇవేవీ లేకుండా కొత్త సర్వే ఫలితం ఒక్కటే బయటికొచ్చి, అది 67కన్నా బాగా తక్కువగా ఉంటే, ఆ తగ్గుదలలో మాత్రల వల్ల తగ్గిందెంతో, సూది గుచ్చే చోటు మారడం వల్ల తగ్గిందెంతో తేల్చే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.